ముందుకంటే ఎటు?

2024 మార్చిలో ఒక సాయంత్రం. క్లాసుకు ఇంకా పావుగంట ఉందనగా ఒక అమ్మాయి పరుగున మా గదిలోకి వచ్చింది. శ్రీకాకుళం వైపు పిల్ల, ఢిల్లీ వచ్చి ఏడు నెలలైంది. చేతిలో అప్పుడే తీయించిన జిరాక్సు కాగితాలు, ఇంకా వేడి తగ్గలేదు.

"సార్, ప్రిలిమ్స్ ముందుకు జరిపేశారంట!"

"ఎవరు చెప్పారమ్మా?"

"జిరాక్సు షాపు భయ్యా సార్. పేపర్ ఆగే బఢ్ గయా అన్నాడు. నాన్నకి కూడా ఫోన్ చేసి చెప్పేశాను. నాకింకా సిలబస్ సగం కూడా అవలేదు."

గొంతు పూడుకుపోయింది. భయ్యా అబద్ధం చెప్పలేదు. ఈ అమ్మాయి మాటకు మాట తెలుగు చేసుకోవడంలోనూ తప్పు లేదు. ఆగే అంటే ముందుకే. కానీ జరిగింది వేరు. లోక్‌సభ ఎన్నికల కారణంగా యూపీఎస్సీ సివిల్స్ ప్రిలిమ్స్‌ను మే 26 నుంచి జూన్ 16కు వాయిదా వేసింది. చదువుకోవడానికి 21 రోజులు కలిసొచ్చిన కబురు ఈ పిల్ల చెవిన పడేసరికి రోజులు తరిగిపోయిన కబురైంది. హిందీవాళ్లకు తేదీ "ఆగే" వెళ్తే వాయిదా పడ్డట్టు. మనకు తేదీ "ముందుకు" జరిగితే గడువు తగ్గినట్టు.

నేను బేర్ సరాయ్‌లో పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. జేఎన్‌యూ పాత క్యాంపస్ పక్కన, ఐఐటీకి దగ్గర్లో ఉంటుంది ఈ పేట. ఇరుకు సందులు, మేడ మీద మేడగా అద్దె గదులు, కింద పుస్తకాల కొట్లు, నోట్సులు జిరాక్సు తీసే కొట్లు. నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా తెలుగు పిల్లలే. సివిల్స్ మెయిన్స్‌లో ఇంగ్లిష్ పేపరు, భారతీయ భాష పేపరు చెప్పడం నా పని. ఒక్కోటి 300 మార్కులు. ఆ మార్కులు ర్యాంకులో కలవవు గానీ, రెండింటిలో దేంట్లోనైనా 25 శాతం రాకపోతే మిగతా పేపర్ల మార్కులు లెక్కలోకి తీసుకోరు.

జనరల్ స్టడీస్ జవాబులు తెలుగులో రాయొచ్చు. 2016 సివిల్స్‌లో రోణంకి గోపాలకృష్ణ తెలుగులోనే రాసి దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. కానీ ప్రశ్నలు మాత్రం ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ ఇస్తారు. మన పిల్లలు ఒక భాషలో చదివి ఇంకో భాషలో రాయాలి. బయట టీ కొట్టు దగ్గర వినేది మూడో భాష. అందుకే పెద్ద పెద్ద మాటల కంటే చిన్న మాటల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను. ఫార్వర్డ్, అహెడ్, బ్యాక్. దిక్కు చూపించే ఈ మాటలు అందరికీ తెలిసినవే. తెలుసనుకుని ఎవరూ రెండోసారి చూడరు.

ఈ ఫార్వర్డ్ అనే మాట వల్ల నా చేతుల మీదుగా ఒక కుర్రాడికి నష్టం జరిగింది. ఇది 2024కు చాలా ఏళ్ల కిందటి సంగతి. చెల్లెలి పెళ్లికి హైదరాబాద్ వెళ్లాడు. ఇక్కడ ఒక కోచింగ్ సంస్థలో బుధవారం అతని మాక్ ఇంటర్వ్యూ. దాన్ని రెండు రోజులు ఫార్వర్డ్ చేశామని వాళ్ల దగ్గర్నుంచి ఇంగ్లిష్‌లో మెసేజ్ వచ్చింది. నాకు ఫోన్ చేసి, "సార్, అంటే సోమవారమా?" అని అడిగాడు. "సోమవారమే" అన్నాను, తడుముకోకుండా. పెళ్లి శనివారం రాత్రి. అప్పగింతల దాకా కూడా ఉండకుండా, ఆదివారం పొద్దున్నే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాడు. సోమవారం వెళ్తే అక్కడ, "మీది శుక్రవారం కదా" అన్నారు. మెసేజ్ రాసిన మనిషి ఆగే అన్న హిందీ మాటనే ఫార్వర్డ్ అని పెట్టాడు. నేను ముందుకు అన్న తెలుగు మాటతో దాన్ని చదివాను. తేదీ అడిగి కనుక్కో నాయనా అని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ అన్న చెల్లెల్ని సాగనంపి వచ్చేవాడు. ఆ తప్పు నాది.

ఆ తర్వాత ఈ మాట గురించి దొరికిందల్లా చదివాను. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లూ దీని దగ్గర తడబడతారు. బుధవారం మీటింగును రెండు రోజులు ఫార్వర్డ్ చేశారు, ఇప్పుడది ఏ రోజు అని అమెరికాలో పరిశోధకులు అడిగితే, ఇంచుమించు సగం మంది సోమవారం అన్నారు, సగం మంది శుక్రవారం అన్నారు. లెరా బొరొడిట్‌స్కీ, మైకేల్ రామ్‌స్కార్ 2002లో అచ్చువేసిన అధ్యయనంలో ఇదే ప్రశ్న విమానాశ్రయంలో అడిగారు. ఎవరినో తీసుకెళ్లడానికి వచ్చి ఎదురుచూస్తున్న వాళ్లకంటే అప్పుడే విమానం దిగిన వాళ్లలో శుక్రవారం అన్నవారు ఎక్కువ. మనమే కాలంలో నడుస్తున్నాం అనిపిస్తే ముందుకంటే అవతలికి. మనం నిలబడి ఉంటే కాలమే మన మీదికి వస్తోంది అనిపిస్తే ముందుకంటే ఇవతలికి.

పిల్లలకు దీన్ని చేసి చూపిస్తాను. ఒకర్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నాలుగడుగుల దూరంలో బుధవారం అని రాసిన అట్ట పట్టుకుని నిలబడతాను. అట్టతో ఒక్కడుగు వాళ్ల వైపు వేసి, "ముందుకు వచ్చాను. పరీక్ష దగ్గరైందా, దూరమైందా?" అంటాను. దగ్గరైంది. తర్వాత వాళ్లనే లేపి నడవమని, వాళ్లు నడిచే వైపే అట్టను ఇంకో అడుగు అవతల పెడతాను. "ఇదీ ముందుకే. ఇప్పుడు?" దూరమైంది. రెండు నిమిషాల పని. ఆ తర్వాత ఎవరూ మర్చిపోరు.

మన తెలుగు "ముందు"లోనూ ఈ రెండు చూపులూ ఉన్నాయి. "ముందు ముందు తెలుస్తుంది" అంటే రాబోయే కాలం. "ముందే చెప్పాను కదా" అంటే గడిచిపోయిన కాలం. తేడా ఎక్కడ తెలుస్తుందో పట్టిస్తే ఇంగ్లిష్ దానంతటదే దారికొస్తుంది. బోర్డు మీద రెండు ముక్కలు రాస్తాను: ఇంటి ముందు వేపచెట్టు, ఇంటికి ముందు వేపచెట్టు. మొదటిది వాకిట్లో ఉన్న చెట్టు. రెండోది దారిలో, ఇల్లు రాకముందే తగిలే చెట్టు. "కి" చేరగానే మనం బాటసారులం అయిపోతాం. పరీక్ష ముందుంది అంటే ఇంకా రావాలి. పరీక్షకు ముందు అంటే దానికి ఇవతలి రోజులు. ఇంగ్లిష్‌లో ఎలక్షన్స్ అహెడ్ అంటే ముందున్న ఎన్నికలు. అహెడ్ ఆఫ్ ఎలక్షన్స్ అంటే ఎన్నికలకు ముందు. మన "కు" చేసే పనే అక్కడ "ఆఫ్" చేస్తోంది. తెలుగు పేపర్లో ఇంగ్లిష్ నుంచి అనువాదానికి 20 మార్కులుంటాయి. ఇలాంటి చోట్లే అవి జారిపోతాయి.

ప్రీపోన్ రాయొచ్చా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. 1913లోనే న్యూయార్క్ టైమ్స్‌కు ఉత్తరం రాస్తూ ఒకాయన ఆ మాటను ప్రతిపాదించారు. అక్కడ నిలవలేదు, మన దేశంలో స్థిరపడింది. దానికి తేదీని ఇవతలికి జరపడం అన్న ఒకటే అర్థం, రెండు వైపులా చూడదు. ఆ గుణం వల్ల నాకు ఆ మాటంటే గౌరవం. మన ఆఫీసుల్లో నిశ్చింతగా వాడుకోండి, పరీక్షలో మాత్రం బ్రింగ్ ఫార్వర్డ్ రాయండి అని చెబుతాను. ఆ జంటకు ఇంగ్లిష్‌లో గడువు తగ్గించడమే అర్థం, అక్కడ పేచీ లేదు.

తెలుగు మీడియం పిల్లలకు మాట అందదని ఇక్కడ కొందరు తేలిగ్గా అనేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు కష్టమవుతుంది. ఆ సాయంత్రం వచ్చిన అమ్మాయికి ఆగే తెలుసు, ఫార్వర్డ్ తెలుసు, ముందు తెలుసు. ఆ మూడూ మూడు వైపులకు చూస్తున్నాయని ఆమెకు అంతవరకు ఎవరూ చూపించలేదు, అంతే.

యూపీఎస్సీ నోటీసు తీసి ఆమె ముందు పెట్టాను. చదివింది. మళ్లీ చదివింది. కుర్చీలో కూలబడి, కళ్లు తుడుచుకుని, ఫోన్ తీసింది. ముందుకు అనలేదు, వెనక్కి అనలేదు.

"నాన్నా, పరీక్ష జూన్ 16న."

అవతల ఆయన ఆ తేదీని తిరిగి పలకడం నాకూ వినపడింది.