ఎగువ, దిగువ

కృష్ణ నీళ్ళు తాగి పెరిగినవారికి ఎగువ, దిగువ అనే మాటల అర్థం వేరే చెప్పనక్కరలేదు. జూరాల తరువాత శ్రీశైలం, ఆ తరువాత సాగర్, పులిచింతల, చివరకు ప్రకాశం బరాజు. అక్కడ దిక్కులతో నిమిత్తం లేదు. నీరు ఎటునుంచి వస్తున్నదో అది ఎగువ, ఎటు పోతున్నదో అది దిగువ. ఇంత తేలికైన సంగతి కారు కిందికి చేరేసరికి ఎందుకు చిక్కుపడుతున్నదా అని కొంతకాలంగా ఆలోచిస్తున్నాను.

సందర్భం ఇది. మా వీధిలో టాక్సీ నడుపుకొనే యువకుడొకడున్నాడు. ఒకనాడు అతని కారులో ఇంజను బొమ్మ పసుపుపచ్చగా వెలిగింది. షెడ్డులో పరికరం తగిలించి చూసి, ఆక్సిజన్ సెన్సర్ పోయిందని చెప్పి కొత్తది బిగించారు. వారం తిరగకముందే దీపం మళ్ళీ వెలిగింది. "మూడు రోజుల సంపాదన దానికే పోయింది బాబాయిగారూ! ఇప్పుడేమో కొత్తది కూడా చెడిపోయిందంటున్నారు. నమ్మమంటారా?" అని అడిగాడు. అతని చేతిలోని చీటీ మీద రెండుసార్లూ ఒకటే సంకేతం, పి 0135. మొదటి బ్యాంకు, మొదటి సెన్సర్, దానిని వేడిచేసే తీగ వలయంలో లోపం అని దాని అర్థం. షెడ్డువారు మార్చినది రెండవ సెన్సర్. అది కారు కింద చేతికందేచోట ఉన్నది. మొదటిదేమో వేడి తగలకుండా అమర్చిన రేకు వెనుక దాగి ఉన్నది.

ఈ రెండింటికీ పేరు ఒకటే అయినా చేసే పని ఒకటి కాదు. ఈ సెన్సర్ ముక్కులో జిర్కోనియా అనే పింగాణీవంటి పదార్థం, దానిమీద ప్లాటినం పూత ఉంటాయి. ఒకవైపు పొగ, మరొకవైపు బయటిగాలి. రెండింటిలోని ఆక్సిజన్ తేడాను బట్టి చిన్న వోల్టేజి పుడుతుంది. పెట్రోలు ఎక్కువై ఆక్సిజన్ మిగలకపోతే 0.9 వోల్టుల దాకా, గాలి ఎక్కువైతే 0.1 దగ్గర. సుమారు 300 డిగ్రీల వేడి ఎక్కితేగాని ఇది సరిగా పనిచేయదు గనుకనే లోపల వేడిచేసే తీగ. 1976లో బాష్ సంస్థ తయారుచేసిన ఇటువంటి సెన్సర్ తొలిసారిగా వోల్వో కారులోకి వచ్చింది.

ఎగువ సెన్సర్ ఇంజను నుండి వచ్చే పొగను, అది ఉత్ప్రేరక పెట్టెలోకి, అంటే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోకముందే చూస్తుంది. పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్ళు ఉండేటట్టు కంప్యూటరు సరిదిద్దుకొనేది ముఖ్యంగా దీని మాట విని. దిగువ సెన్సర్ ఆ పెట్టె దాటిన పొగను చూస్తుంది. పెట్టె తన పని చేస్తున్నదా లేదా అని చెప్పడం దాని ప్రధాన బాధ్యత. అమెరికాలో 1996 నమూనా కార్ల నుండి ఈ తనిఖీ తప్పనిసరి అయింది.

మరి గుర్తుపట్టడమెట్లా? బానెట్టు వైపుదా, డిక్కీ వైపుదా అని చూడరాదు. ఇంజనులో పొగ వెలువడే రంధ్రం దగ్గర మొదలుపెట్టి, పొగతోబాటు చూపు నడిపించాలి. పెట్టెకు ముందు తగిలేది మొదటిది, తరువాత తగిలేది రెండవది. కొన్ని కార్లలో పెట్టె ఇంజనుకు అతుక్కొనే ఉంటుంది. అప్పుడు రెండు సెన్సర్లూ జానెడు దూరంలోనే కనిపించవచ్చు. అయినా సూత్రం మారదు. వరుసగా నాలుగు సిలిండర్లున్న చిన్నకార్లలో సాధారణంగా ఒకటే బ్యాంకు. వి ఆకారపు ఇంజన్లలో రెండు బ్యాంకులుంటాయి. ఒకటవ నెంబరు సిలిండరు ఉన్న పక్కను మొదటి బ్యాంకు అంటారు.

ఇంకా సందేహముంటే స్కానరు తెర చూడవచ్చు. ఇంజను బాగా వేడెక్కిన తరువాత, పాతరకం ఎగువ సెన్సర్ గీత రంపపు పళ్ళలాగా పైకీ కిందికీ పోతుంటుంది. దిగువది దాదాపు నిలకడగా, తరచు 0.6, 0.7 వోల్టుల దగ్గర ఉంటుంది. దిగువది కూడా ఎగువదానిలాగే ఊగుతుంటే పెట్టెనే అనుమానించాలి. అప్పుడు వచ్చే సంకేతం పి 0420. అప్పుడైనా గొట్టంలో ఎక్కడైనా పగులు ఉండి బయటిగాలి చొరబడుతున్నదేమో చూడకుండా పెట్టె కొనరాదు. కొత్త కార్లలో ఎగువన వెడల్పు శ్రేణి సెన్సర్ ఉండవచ్చు. దానికి సాధారణంగా నాలుగుకు బదులు ఐదారు తీగలుంటాయి, దాని అంకెల లెక్క కూడా వేరు. కాబట్టి ఒకదాని చోట మరొకటి బిగించడానికి వీల్లేదు.

ఆ కుర్రవాడిని మరొక మెకానిక్కు దగ్గరకు పంపాను. ఆయన ముందు ఫ్యూజు చూశాడు, బాగానే ఉన్నది. తరువాత ఎగువ సెన్సర్‌కు మల్టీమీటర్ పెట్టి, లోపలి తీగ తెగినట్టు ఐదు నిమిషాల్లో తేల్చాడు. దానిని మార్చాక దీపం మళ్ళీ వెలగలేదు. మొదటి షెడ్డువారు మాత్రం బిగించిన సామాను వాపసు తీసుకోమన్నారు. వారు ఊడదీసిన పాత సెన్సర్ నిక్షేపంగా ఉన్నది. అతడు దానిని గుడ్డలో చుట్టి డిక్కీలో దాచుకున్నాడు.

ఆ షెడ్డువారు మోసగాళ్ళని నేననుకోను. "ఆక్సిజన్ సెన్సర్ పోయింది" అనే వాక్యంలో ఏది అన్న ప్రశ్నకు చోటు లేదు. చోటు లేనందువల్ల కలిగిన నష్టం చెప్పినవారికి కాదు, విన్నవాడికి. ముందుది, వెనుకది అనే మాటలు కారు నిలబడిన తీరును బట్టి తికమక పెడతాయి. ఎగువ, దిగువ అనేవి అట్లా కాదు. ఏ బడికీ పోకుండానే మనకు వచ్చిన మాటలవి, షెడ్డులో కూడా చక్కగా పనికివస్తాయి. డబ్బు చెల్లించేముందు ఎవరైనా అడగవలసినవి మూడు: సంకేతం ఏమిటి, ఎగువదా దిగువదా, ఏ పరీక్ష చేసి తేల్చారు? మొన్న స్టాండు దగ్గర ఇంకో డ్రైవరుకు ఆ కుర్రవాడు ఈ మూడూ వేళ్ళు మడిచి చెబుతుంటే విన్నాను.