కుడిచెయ్యి కట్టులో ఉండగా

కాలు జారితే ఎవరైనా అరచెయ్యి ఆనిస్తారు. ఒంటి బరువంతా మణికట్టు మీద పడి, ముంజేతి ఎముక కొస దగ్గర విరుగుతుంది. ఎక్స్‌రేలు లేని కాలంలో, 1814లోనే, డబ్లిన్ సర్జన్ అబ్రహాం కోలిస్ వర్ణించిన విరుపు ఇది. ఉప్పాడ నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరు గారిదీ అదే. సముద్రం ఊరిని కోసెయ్యకుండా ఒడ్డున పోసిన రాళ్ళ దగ్గర జారారు. ఎముక సరిచేసి పిండికట్టు వేశాం.

"ఈ చేత్తో ఏం పని చేస్తారు?" అని అడగడం నాకు ఉప్పాడ నేతగాళ్ళ వల్ల అలవాటైంది. జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని బుటాల దారాలు వేళ్ళతోనే ఎక్కిస్తారు. వాళ్ళకి ఎముక అతికితే చాలదు, వేలికొసలు ఆడాలి. టీచరు గారిని అడిగితే, "నవల రాస్తున్నానండి డాక్టరు గారూ, సగంలో ఉంది" అన్నారు.

అతకడానికి ఆరు వారాలు పడుతుంది. మొదటిరోజు నుంచే వేళ్ళు ఆడించమన్నాను. నొప్పిని ఓర్చుకున్నారు గానీ, ఎడమచేత్తో అన్నం తినడం ఆవిడ వల్ల కాలేదు. స్పూనుతో పులుసన్నం సయించలేదట. కోడలు ముద్దలు కలిపి పెట్టింది. జడ, చీర కుచ్చిళ్ళు కూడా ఆ పిల్లే.

విశ్వనాథ 'వేయిపడగలు' తమ్ముడికి చెప్పే రాయించారు కదా, మీరూ చెప్పండన్నాను. 2022లో రోమ్‌లో పడి చేతులు చచ్చుబడిన నవలాకారుడు హనీఫ్ కురేషీ కూడా ఆసుపత్రి మంచం మీంచే ఇంట్లోవాళ్ళకి చెప్పి రాయించారు.

మనవడు కాగితాలు పట్టుకు కూర్చున్నాడు. పేజీ కదల్లేదు. నవల చేపల వేటకెళ్ళే వాళ్ళది; వాళ్ళ తిట్లు మనవడి ముందు పలకడానికి ఆవిడకి నోరు రాలేదు. చివరికి మత్స్యకారుల వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి వచ్చి కూర్చుంది. "మా ఇళ్ళల్లో అలాగనరండి మేడమ్" అని దిద్దేదట. "ఇన్నేళ్ళు వాళ్ళ పిల్లలకి పాఠాలు చెప్పాను. వాళ్ళ మాట సరిగ్గా ఇప్పుడే వింటున్నానండి" అన్నారు టీచరు గారు. ఆ ముఖంలో అంత ఉత్సాహం నేను అంతకుముందు చూడలేదు.

కట్టు విప్పేసరికి మణికట్టు బిగుసుకుపోయింది. గోరువెచ్చని నీళ్ళలో కదపడం, బొటనవేలితో ఒక్కో వేలికొసనీ తాకడం, మెత్తటి బంతి నొక్కడం నేర్పాం. పెన్నుకి గుడ్డ చుట్టి లావు చేసుకుని, పావుగంట రాసి ఆపమన్నాను.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. అరవై దాటిన ఆడమనిషి మామూలుగా జారిపడితేనే మణికట్టు విరిగిందంటే, ఎముకలు గుల్లబారాయేమోనని చూసి తీరాలి. కట్టు వేసి పంపేస్తే రేపు తుంటి విరగొచ్చు. డెక్సా పరీక్షలో టీచరు గారికి గుల్లదనం తేలింది, మందు మొదలుపెట్టాం.

ఇప్పుడు వర్ణనలు ఆవిడే రాసుకుంటున్నారు. సంభాషణలు మాత్రం, చెయ్యి బాగుపడ్డా, ఆ అమ్మాయికి చెప్పే రాయిస్తున్నారు. అమ్మాయి ఒప్పుకుంటేనే ఆ పేజీ అయినట్టట.