బండి ఈడనే ఉండనియ్యి అన్నా!

మంచిర్యాల దాటి చెన్నూరు వైపు వెళ్లే జాతీయ రహదారి ఎక్కితే ముందు సీసీసీ, ఆ వెంటే నస్పూరు, ఇంకాస్త ముందుకెళ్తే శ్రీరాంపూర్. పేరుకు వేర్వేరు ఊళ్లే. కానీ ఇళ్లూ దుకాణాలూ అల్లుకుపోయి, ఎక్కడ ఏది మొదలైందో కొత్తవారికి అంతుపట్టదు. తెలిసేదల్లా ఒక్కటే... బొగ్గు! రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద నల్లటి దుమ్ము. హారన్ కొడుతూ దూసుకొచ్చే టిప్పర్లు. వరసగా ఒకేలా కనిపించే సింగరేణి క్వార్టర్లు. ఇంకా ముందుకు పోతే ఇందారం అడ్డరోడ్డు. అక్కడ కుడికి తిరిగి గోదావరి వంతెన దాటితే గోదావరిఖని. ఏ దిక్కుకు వెళ్లినా బొగ్గు ఊళ్లే.

ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2016 అక్టోబరులో కొత్తగా ఏర్పడిన మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా ఊరి గడియారం మారలేదు. శ్రీరాంపూర్‌లో టైము చెప్పేది షిఫ్టు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు... వాటిని బట్టే పొయ్యి వెలుగుతుంది, పిల్లలు బడికి తయారవుతారు, హోటళ్లు ఛాయ్ మరిగిస్తాయి. షిఫ్టు వదిలిన కాసేపటికి రోడ్డంతా బైకులే!

వాటిలో కొన్ని నేరుగా ఇంటికి పోతాయి. కొన్ని దారిలో ఆగుతాయి. అలా ఆగిన బండి మళ్లీ కదిలే ముందు జరిగే చిన్న సంభాషణ గురించే ఈ కథనం.

దీపం తీసుకునే దిగాలి

సింగరేణిది వందేళ్లు దాటిన చరిత్ర. 1920లో కంపెనీకి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు అందులో 51 శాతం వాటా తెలంగాణ రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఆ సుదీర్ఘ అనుభవం గని కార్మికుడికి నేర్పిన మొదటి పాఠం... లోపలికి దిగేముందు తనిఖీ.

భూగర్భ గనిలోకి ఎవరూ నేరుగా నడిచి వెళ్లిపోలేరు. మస్టర్ పడాలి. లాంప్ రూములో తలదీపం తీసుకోవాలి. గని ముఖద్వారం దగ్గర జేబులు చూపించాలి. బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోకూడదు. ఎందుకంటే బొగ్గు గనిలో ఒక్క నిప్పురవ్వ చాలు, పక్కవాడి ప్రాణం కూడా పోతుంది. మత్తులో ఉన్నవాడికి గనిలోకి ప్రవేశం లేదని చట్టమే చెబుతోంది. ముప్పై ఏళ్ల సర్వీసున్న సీనియరైనా జేబులు చూపించాల్సిందే. అలా చూపించమన్నందుకు ఎవరూ అవమానంగా అనుకోరు. ‘నీ కోసం కాదు, నీ పక్కన పనిచేసేవాడి కోసం’ అన్నది అందరికీ తెలిసిన సంగతే.

మరి పైకి వచ్చాక? అదే మనిషి బైకు తాళం తిప్పేటప్పుడు ఆపేవారెవరు? రోడ్డుకు గేటు లేదు, మస్టరూ లేదు. పోలీసులు ప్రతి మూలా ఉండలేరు. చాలాసార్లు అతణ్ని చివరగా చూసేది ఒక దుకాణదారుడే. కల్లు పోసిన గీత కార్మికుడో, పర్మిట్ రూములో పల్లీలు తెచ్చిచ్చే కుర్రాడో, మిర్చి బజ్జీల బండి అక్కో, పెట్రోలు బంకులో పైపు పట్టుకున్న తమ్ముడో. గిరాకీ కాళ్లు తడబడటం, నోట్లు లెక్కపెట్టలేకపోవడం, తాళం చెవి పెట్టాల్సిన చోటు వెతుక్కోవడం ముందుగా కనిపించేది వాళ్లకే.

ఆ ఒక్క నిమిషం వాళ్ల చేతిలో ఉంటుంది.

రోడ్డే మంచిగ లేదు

అనుకుందాం... రాత్రి తొమ్మిదిన్నర. రోడ్డు పక్క చిన్న హోటల్. బిల్లు కట్టిన పెద్దమనిషి బండి దగ్గరికి పోయి స్టాండు తీయబోయి తూలాడు. హోటలాయన గల్లాపెట్టె వదిలి మెల్లగా బయటికొచ్చాడు.

“అన్నా, బండి ఈడనే ఉండనియ్యి. పొద్దుగాల తీస్కపోదువు.”

“నాకేమైందిరా? నేను మంచిగనే ఉన్న.”

“నువ్వు మంచిగనే ఉన్నవే అన్నా. రోడ్డే మంచిగ లేదు. బొగ్గు లారీలు తిరుగుతున్నయ్. జర కూసో, ఛాయ్ తాగు. తమ్మునికి ఫోన్ కొడ్త, వచ్చి తీస్కపోతడు.”

గమనించారా? ‘తాగినవ్’ అన్న మాటే రాలేదు. ఆ మాట వచ్చిందంటే గొడవ మొదలైనట్టే. ‘ఎవడ్రా తాగింది?’ అంటూ పంతానికి పోయి బండెక్కేస్తాడు. తప్పు మనిషి మీద కాకుండా రోడ్డు మీదికి, చీకటి మీదికి, లారీల మీదికి నెడితే తాళం తేలిగ్గా చేతికొస్తుంది.

ఈ ఊళ్లలో వరసలు కలిపి పిలుచుకోవడం మామూలే. అన్నా, తమ్మీ, కాకా, మామా, బాపూ... అవి ఉత్త పిలుపులు కావు, చనువుకు లైసెన్సులు. పెద్దవాడైతే “కాకా, గీ చీకట్ల నువ్వు పోతే చిన్నమ్మ నన్ను తిడ్తది” అనొచ్చు. ఈడువాడైతే “రేపటి షిఫ్టుకు నువ్వు లేకపోతె ఎట్ల?” అనొచ్చు. ఇంట్లో ఎదురుచూసే మనిషిని గుర్తుచేస్తే చాలా పంతాలు కరిగిపోతాయి.

కొన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. పదిమంది ముందు మందలించకూడదు, పక్కకు పిలిచి మాట్లాడాలి. తాళం లాక్కోకూడదు, అడిగి తీసుకోవాలి. ఒక్కరే ఎదురు నిలవకుండా అతనికి తెలిసిన మరో మనిషిని కలుపుకోవాలి. బంకులో అయితే “పక్కకు పెట్టన్నా, జర టైం పడ్తది” అంటూ ఆలస్యం చేయొచ్చు. ఆ ఆలస్యంలోనే ఇంటికి ఒక ఫోన్ వెళ్తుంది. ఎంత చెప్పినా వినకుండా వెళ్లిపోతే, ఒంటి మీదికి తెచ్చుకునే పెనుగులాట వద్దు. బండి నంబరు, వెళ్లిన దిక్కు చెబుతూ 112కు ఫోన్ చేయడమే సరైన పని. అది చాడీ కాదు, ఎదురుగా వచ్చే బండి మీది కుటుంబానికి చేసిన మేలు.

మజ్జిగతో దిగదు

‘కాస్త మజ్జిగ తాగించండి, దిగిపోతుంది’ అంటారు. నిమ్మరసం, చిక్కటి కాఫీ, తల మీద చన్నీళ్లు... ఊరికో వైద్యం! వీటితో కళ్లు తెరుచుకోవచ్చుగానీ రక్తంలోని మద్యం తగ్గదు. దాన్ని తగ్గించేది కాలేయం ఒక్కటే. అది తన పద్ధతిలో, గంటకు సుమారు ఏడు నుంచి పది గ్రాముల చొప్పున మాత్రమే తగ్గిస్తుంది.

లెక్క చూడండి. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో 42.8 శాతం మద్యం అంటే సుమారు 60 గ్రాములు. అది పూర్తిగా దిగాలంటే ఆరు నుంచి ఎనిమిదిన్నర గంటలు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్కటైనా 40 గ్రాముల దాకా ఉండొచ్చు. ‘బీరే కదా’ అనుకుంటే పొరపాటే. రాత్రి పదకొండుకు సీసా ఖాళీ చేసి తెల్లవారి మొదటి షిఫ్టుకు బయల్దేరినవాడికి నిద్ర తీరినా మత్తు తీరకపోవచ్చు.

కల్లు సంగతి వేరే. పొద్దున చెట్టు మీంచి దించిన కల్లు పొద్దెక్కేకొద్దీ పులిసి ఘాటెక్కుతుంది. అంతకంటే భయపడాల్సింది కల్తీ కల్లుకు. తెలంగాణలో అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్లు పట్టుబడటం కొత్త కాదు. అలాంటిది తాగినవాడు ఊదితే యంత్రం ఆ మందులను పట్టుకోలేదు. పక్కనున్న మనిషి కళ్లే పట్టుకోవాలి.

తాగినట్టే ఉంటుంది... కానీ

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. తూలే ప్రతివాడూ తాగినవాడు కాదు!

షుగర్ మందులు వాడే మనిషి వేళకు తినకపోతే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు, అకారణ కోపం... చూసేవారికి అచ్చం తాగుబోతులాగే కనిపిస్తాడు. షిఫ్టుల వల్ల తిండి వేళలు తప్పే చోట ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అలాంటప్పుడు ‘తాగొచ్చిండు, పక్కకు నూకు’ అనడం ప్రాణం మీదికి తెస్తుంది. స్పృహలో ఉండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి. పావుగంటకూ తేరుకోకపోతే 108. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మూతి ఒక పక్కకు వంకరపోయి, ఒక చేయి పైకి లేవకపోతే అది పక్షవాతం కావచ్చు. అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే.

రాత్రి షిఫ్టు దిగినవాడి సంగతి మరొకటి. చుక్క ముట్టకపోయినా కళ్లు మూతలు పడుతుంటాయి. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 1990 దశకంలోనే తేల్చారు. తెల్లవారుజామున ఛాయ్ బండి దగ్గర ఆవలించే గిరాకీతో “ఓ పది నిమిషాలు బల్ల మీద ఒరుగు అన్నా” అనడం కూడా తాళం తీసుకోవడం లాంటిదే.

అందుకే మొదటి ప్రశ్న ‘తాగావా?’ కాదు, ‘తిన్నావా? పానం బాగుందా?’ అన్నదే కావాలి. జవాబు ఏదైనా, ఆ మనిషి బండి మాత్రం ఎక్కకూడదు.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే బండి నడపడం నేరం. ఒక్క లార్జ్ పెగ్గుతోనే మామూలు ఒడ్డూపొడుగున్న మనిషి ఆ గీత దాటేయవచ్చు. మొదటి తప్పుకు జైలు ఆరు నెలల దాకా ఉండొచ్చు, 2019 సవరణతో జరిమానా రూ.10 వేలకు పెరిగింది. మళ్లీ దొరికితే రూ.15 వేలు, రెండేళ్లు. చాలామందికి తెలియనిది 188వ సెక్షన్. ఆ నేరానికి తోడ్పడినవారికీ అదే శిక్ష అంటుందది. తాగాడని తెలిసీ తాళం చేతికిచ్చి సాగనంపితే ఆ వేలు మన వైపూ తిరగవచ్చు.

జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో ఆదేశించింది. 2017లో చిన్న ఊళ్లకు ఆ దూరం 220 మీటర్లకు తగ్గింది, పట్టణాల పరిధిలోని దుకాణాలకు సడలింపూ దొరికింది. అంతకుముందు దూబగుంట మహిళల పోరాటం, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు... తెలుగునాట ఈ చర్చ ఎన్నో మలుపులు తిరిగింది. తాగాలా వద్దా, అమ్మాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న. అది ఎప్పటికి తేలుతుందో! కానీ ఈ రాత్రి ఈ మనిషి బండెక్కాలా వద్దా అన్నది చిన్న ప్రశ్న. దాన్ని తేల్చడానికి ఒక దుకాణదారుడు చాలు.

నష్టం వస్తుందన్న భయం కొందరికి ఉంటుంది. ‘గిరాకీ కోపం చేసుకుని రేపు రాకపోతే?’ అని. దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ పడినప్పుడు వ్యాపారం జోరుగా సాగే ఊళ్లివి. ఆ గిరాకీలు ఏళ్ల తరబడి వచ్చేవాళ్లు. అతను వందల రాత్రులు రావాలంటే, ఈ ఒక్క రాత్రి క్షేమంగా ఇల్లు చేరాలి. వ్యాపారం లెక్కలో చూసినా లాభమే కదా!

మేకుకు వేలాడే తాళం

గనిలో లాంప్ రూముకు ఒక లెక్క ఉంది. షిఫ్టు ముగిశాక ప్రతి దీపమూ తన చోటికి తిరిగి రావాలి. ఒక కొక్కెం ఖాళీగా కనిపిస్తే, ఆ దీపం తీసుకున్న మనిషి ఇంకా పైకి రాలేదని అర్థం. వెతుకులాట మొదలవుతుంది.

రోడ్డు పక్క హోటల్లో ఈ లెక్క తిరగబడుతుంది. గల్లాపెట్టె వెనక గోడకు కొట్టిన మేకుకు రాత్రంతా ఒక బైకు తాళం వేలాడుతోందంటే, దాని సొంతదారు తమ్ముడి బండి వెనక కూర్చుని ఇంటికి చేరాడని అర్థం. తెల్లవారాక అతనే నడుచుకుంటూ వస్తాడు. కాస్త సిగ్గుపడుతూ “గా తాళం ఇయ్యిరా” అంటాడు. హోటలాయన రాత్రి సంగతి ఎత్తడు. తాళంతో పాటు ఓ ఛాయ్ గ్లాసు ముందు పెడతాడు.

అప్పటికే మొదటి షిఫ్టుకు వేళయి ఉంటుంది.