వడిసెల పెట్టె పుట్టిన ఊరు

టీవీ ఇంట్లో ఉంటుంది. చూడాల్సిన మనిషి ఎక్కడో పరాయి ఊళ్లో ఉంటాడు. ఈ ఇద్దరినీ కలపడానికి 2005లో ఓ చిన్న పెట్టె వచ్చింది. పదిహేడేళ్లు పనిచేసి మూగబోయింది. దాని పుట్టిల్లు అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉన్న శాన్‌మాటియో!

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి దక్షిణంగా వెళ్లే కాల్‌ట్రైన్ బయల్దేరే స్టేషన్‌కి కూతవేటు దూరంలోనే జెయింట్స్ జట్టు బేస్‌బాల్ మైదానం ఉంది. 2000లో ప్రారంభమైంది. అప్పటి పేరు పసిఫిక్ బెల్ పార్క్, ఇప్పుడు ఒరాకిల్ పార్క్. గోడ పక్కనే సముద్రపు పాయ. బలంగా కొడితే బంతి వెళ్లి నీళ్లలో పడుతుంది. దాన్ని పట్టుకోవడానికి చిన్న చిన్న పడవల్లో కాచుకుని కూర్చునే వీరాభిమానులూ ఉంటారు. మనకు క్రికెట్ ఎలాగో వాళ్లకు ఈ ఆట అలాగ.

2002లో జెయింట్స్ జట్టు వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. ఏడో మ్యాచ్‌లో ఓడింది కానీ, ఆ ఏడాదంతా ఊరికి పండగే. బ్లేక్, జేసన్ క్రికోరియన్ అనే అన్నదమ్ములకు మాత్రం ఓ చిక్కొచ్చి పడింది. పనిమీద వేరే ఊళ్లకు వెళ్తే అక్కడ జెయింట్స్ మ్యాచ్‌లు రావు. ఇంట్లో ఛానల్ ఉంది, నెలనెలా చందా కడుతూనే ఉన్నారు. చూసే భాగ్యమే లేదు! ఆ ఉక్రోషంలోంచే ఓ ఆలోచన పుట్టింది. ఇంట్లో వచ్చే బొమ్మను ఇంటర్నెట్ మీదుగా మనమున్న చోటికే రప్పించుకుంటే?

రైల్లో ముప్ఫై కిలోమీటర్లు
మైదానం దగ్గర రైలెక్కి సుమారు ముప్ఫై కిలోమీటర్లు వెళ్తే శాన్‌మాటియో వస్తుంది. ఓ పక్క కొండలు, ఇంకో పక్క సముద్రపు ఖాతం, నడుమ లక్ష పైచిలుకు జనాభా. సెంట్రల్ పార్కులో ముచ్చటైన జపాన్ తోట ఉంది. ఖాతం ఒడ్డున కయోటీ పాయింట్ దగ్గర నిలబడితే శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగే విమానాలు కనిపిస్తాయి. చూడ్డానికి నెమ్మదైన ఊరే. కానీ టీవీ చూసే తీరును మార్చిన రెండు కంపెనీలు దాదాపు ఒకే కాలంలో ఇక్కడ పనిచేశాయి.

ఒకటి యూట్యూబ్. తొలిరోజుల్లో దాని ఆఫీసు ఇక్కడ ఓ పిజ్జా దుకాణం పైన ఉండేది. రెండోది ఆ అన్నదమ్ములు, భూపేన్ షా కలిసి 2004లో పెట్టిన స్లింగ్ మీడియా. స్లింగ్ అంటే వడిసెల. మంచె మీద నిలబడి జొన్నచేలో పిట్టల్ని తోలడానికి రాయి విసురుతారే, అదే! ఇక్కడ విసిరేది రాయిని కాదు, టీవీ బొమ్మని.

పెట్టెలో ఏముంది?
2005 జూన్ 30న ‘స్లింగ్‌బాక్స్’ దుకాణాల్లోకి వచ్చింది. చూడ్డానికి వెండి కడ్డీలా ఉండేది. ధర దాదాపు 250 డాలర్లు. డిష్ సెట్‌టాప్ బాక్సు నుంచో, కేబుల్ బాక్సు నుంచో వచ్చే బొమ్మను అది కుదించి, బ్రాడ్‌బ్యాండ్ ద్వారా యజమాని కంప్యూటర్‌కి పంపేది. సెట్‌టాప్ బాక్సు ‘కన్ను’ ముందు ఓ చిన్న తీగ అంటిస్తే చాలు, ఎక్కడో కూర్చుని నొక్కిన మీట ఇక్కడి రిమోట్‌లా పనిచేసేది. తర్వాత ఫోన్లలోకీ వచ్చింది. వీసీఆర్ కార్యక్రమాన్ని మరో వేళకు జరిపింది. ఇది మరో చోటికి జరిపింది!

ఓ మెలిక కూడా ఉంది. పంపేది ఇంట్లో సెట్‌టాప్ బాక్సు బొమ్మే కాబట్టి, అక్కడెవరో ఛానల్ మారిస్తే ఇంట్లోనూ మారిపోతుంది. ఆ బాధ వద్దనుకుంటే దానికి వేరే సెట్‌టాప్ బాక్సు పెట్టుకోవాల్సిందే.

వంతెన అవతల మనవాళ్లు
శాన్‌మాటియో పక్కనే, ఖాతంలో మట్టి నింపి కట్టిన ఫాస్టర్ సిటీ. స్లింగ్ మీడియా తర్వాత అక్కడికే మారింది. అక్కణ్నుంచి పొడవాటి వంతెన దాటితే హేవర్డ్. ఇంకాస్త దక్షిణానికి వెళ్తే మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్.

పరాయి దేశంలో ఉన్నవాళ్లకు ఈ పెట్టె ఆశ చూపించింది. హైదరాబాద్‌లో అమ్మానాన్నల ఇంట్లో దాన్ని పెడితే, ఇక్కడి రాత్రి ఎనిమిది గంటల సీరియల్‌ని కాలిఫోర్నియాలో వేసవి ఉదయం ఏడున్నరకు కాఫీ తాగుతూ చూడొచ్చు. అయితే ఆ రోజుల్లో మన బ్రాడ్‌బ్యాండ్‌లో ఇంట్లోకి వచ్చే వేగం ఒక ఎత్తు, ఇంట్లోంచి బయటికి పంపే వేగం మరో ఎత్తు. పెట్టెకు కావాల్సింది రెండోది. అది చాలకపోతే సరిగ్గా కథ రసకందాయంలో పడ్డప్పుడే బొమ్మ బిగుసుకుపోయేది!

సర్వర్ ఆగితే...
యూట్యూబ్‌ను 2006లో గూగుల్ 165 కోట్ల డాలర్లకు కొన్నది. 2007లో స్లింగ్ మీడియాను డిష్ టీవీ వ్యాపారంలో ఉన్న ఎకోస్టార్ 38 కోట్ల డాలర్లకు తీసుకుంది. ఆ తర్వాత నెట్‌ఫ్లిక్స్ లాంటివి విస్తరించాయి. ఛానళ్లే సొంతంగా ఆప్‌లు తెచ్చాయి. ఇంటి నుంచి బొమ్మ తెప్పించుకునే అవసరం తగ్గిపోయింది. బ్లేక్ క్రికోరియన్ 2016లో, యాభై ఏళ్లు కూడా నిండకుండానే కన్నుమూశారు.

2020 నవంబరులో పెట్టెల అమ్మకం ఆపేస్తున్నట్లు కంపెనీ ప్రకటించింది. సరిగ్గా రెండేళ్లకు, 2022 నవంబరు 9న సర్వర్లు ఆగిపోయాయి. పెట్టె మనది, డిష్ మనది, చందా మనది, ఇంటర్నెట్ బిల్లూ మనదే. కానీ దూరాన ఉన్న ఫోన్‌కి ‘నీ పెట్టె ఫలానా చోట ఉంది’ అని దారి చూపేది కంపెనీ సర్వర్. అది ఆగడంతో బాగా పనిచేస్తున్న పెట్టెలు కూడా మూలన పడ్డాయి.

కొందరు ఔత్సాహికులు ఊరుకోలేదు. కంపెనీ సర్వర్‌తో పనిలేకుండా, కొన్ని మోడళ్లను ఇంట్లో కంప్యూటర్ సాయంతోనే నడిపే సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. అది తెలిసినవాళ్ల ఇళ్లలో పాత వడిసెల మళ్లీ తిరిగింది. ఇంటర్నెట్‌తో నడిచే కెమెరా కొన్నా, తాళం కొన్నా, దుకాణంలో గ్యారంటీ ఎన్నేళ్లని అడుగుతాం. సర్వర్ ఎన్నేళ్లుంటుందనీ అడగాలని ఈ వెండి కడ్డీ చెబుతోంది.