ఊక దుమ్ములో నిప్పు జాడ

రైసుమిల్లులో ప్రమాదమంతా దుమ్ములో ఉంటుంది. గుడివాడ శివారులో చూసిన ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో అది దూలాల మీద, మోటారు మూతల మీద, కరెంటు పైపుల మీద మేటలు వేసి ఉంది. ధాన్యం బరువులో దాదాపు ఐదో వంతు ఊకే. అందులో కొంత బాయిలరు పొయ్యిలోకి పోతుంది, మిగతాది ఆవరణలో కుప్ప పడుతుంది. మెత్తని దుమ్ము గాలిలో లేచినప్పుడు, మూసి ఉన్న చోట రవ్వ తగిలితే మండడంతో ఆగదు, పేలుతుంది. అందుకే ముందు చూడాల్సింది బకెట్ ఎలివేటరును. బెల్టు పక్కకు జరిగి రేకును రాసుకున్నా, గ్రీజు ఎండి బేరింగు కాలినా, ధాన్యంతో ఇనుప ముక్క లోపలికి పోయినా రవ్వ పుడుతుంది. ధాన్యం దారిలో అయస్కాంతం పెట్టేది ఆ ఇనుము కోసమే. బేరింగు వేడిని కనిపెట్టే సెన్సరు, బెల్టు జరగగానే మోటారును ఆపే స్విచ్చి ఉంటే సగం గండం గడిచినట్టే.

హోటళ్లలో, ఆఫీసుల్లో పైకప్పుకు బిగించే పొగ డిటెక్టరు ఇక్కడ పనికిరాదు. లోపల వెలుగును చెదరగొట్టిన రేణువు పొగదో ఊకదో దానికి తెలియదు. ఊరికే మోగే అలారాన్ని ఎవరో ఒకరు కొన్నాళ్లకు తీసి పక్కన పెడతారు. ఆ తప్పు దాన్ని అక్కడికి ఎంచినవారిది. దుమ్ము చోట వేడి డిటెక్టరు నయం. ఉష్ణోగ్రత చప్పున పెరిగినా, నిర్ణయించిన అంకె దాటినా మోగుతుంది. డ్రయ్యరు పక్కన మాత్రం ఎక్కువ అంకెకు పనిచేసేది కావాలి. పొగ డిటెక్టర్లను ఆఫీసుకు, ప్యానెల్ గదికి ఉంచుకోవచ్చు.

మంట ఆర్పడంలోనూ దుమ్మే అడ్డం. నీటిని సూటిగా ధారగా కొడితే దూలాల మీదిదంతా లేచి గాలిలో కలుస్తుంది, పేలుడుకు మందు కూరినట్టవుతుంది. తుంపరగా చల్లే నాజిల్ వాడాలి. ఊక కుప్ప తీరు వేరు. పైకి ఏమీ కనిపించదు, లోపల రోజుల తరబడి కుములుతుంది. పైన పోసిన నీళ్లు జారిపోతాయి. కొద్దికొద్దిగా తీసి, పరుస్తూ తడపాలి. కుప్పకూ షెడ్డుకూ మధ్య ఖాళీ జాగా వదలడానికి పైసా ఖర్చు లేదు, అయినా అందరూ ముందు ఎగ్గొట్టేది అదే.

గోనె బస్తాల గోదాముకు స్ప్రింక్లర్లు బాగా నప్పుతాయి. ఒక్కోదాని నోటికి చిన్న గాజు బుడ్డి అడ్డుగా ఉంటుంది. ఎర్ర ద్రవం ఉన్నది 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర పగులుతుంది. సినిమాల్లోలాగా అన్నీ ఒక్కసారి కురవవు, వేడి తగిలినవే తెరుచుకుంటాయి.

బందరులో లెక్క మారుతుంది. అక్కడి చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకు పేరు. ఇలాంటి పూతపనిలో గ్యాసు మంట, యాసిడ్, సైనైడ్ లవణాలు దగ్గరదగ్గరగా ఉండే అవకాశం ఉంది. సైనైడ్ ఉన్న చోట మంట ఆర్పడానికి కార్బన్ డయాక్సైడ్ సిలిండరు వాడకూడదు. ఆ వాయువు తేమతో కలిసి ఆమ్లమై, ప్రాణం తీసే హైడ్రోజన్ సైనైడ్‌ను బయటికి రప్పిస్తుంది. ఏ సిలిండరు కొనాలో ఆ రసాయనంతో వచ్చే భద్రతా పత్రం చూసి తేల్చుకోవాలి.

దివిసీమ వైపు చేపలకు, రొయ్యలకు ఐసు చేసే చోట అమ్మోనియా కారితే ముందు ఊపిరి ఆడనివ్వదు. అది అంటుకునేది గాలిలో సుమారు 15 నుంచి 28 శాతం చేరినప్పుడే. అక్కడ కావాల్సింది గ్యాసు డిటెక్టరు, బయటి నుంచే కట్టేయగల వాల్వు.

హైడ్రెంట్లు, స్ప్రింక్లర్లు ఉన్న పెద్ద ఆవరణల్లో నీటి ఏర్పాటు సాధారణంగా ఒకే తీరు: పైపులో ఒత్తిడి నిలిపే చిన్న జాకీ పంపు, పెద్ద కరెంటు పంపు, దానికి తోడు డీజిల్ పంపు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన సీమలో, తుపానుకు కరెంటు పోయినప్పుడు మిగిలేది డీజిల్ పంపే. ఉప్పుగాలికి పైపుల కీళ్లు, తీగల కొసలు తుప్పు పడతాయి గనుక పంపును వారానికోసారి నడిపి, బ్యాటరీ చూసి, పుస్తకంలో రాసుకోవాలి. వాడుక నీళ్లూ అదే ట్యాంకు నుంచి తీస్తే, వాడుక పైపును ఎత్తులో బిగించాలి. దాని కింద మిగిలే నీళ్లు మంటకే.