అక్క బుగ్గలు

"మొహం పీక్కుపోయింది" అనే మాటని మెచ్చుకోలుగా వాడగా నేనెప్పుడూ వినలేదు. నడుము తగ్గితే "భలే సన్నబడ్డావే" అంటారు. అదే తగ్గుదల బుగ్గల్లో కనిపిస్తే మాత్రం "ఏమైంది, ఒంట్లో బాగుండటం లేదా?" అని మొదలుపెడతారు.

మా అక్కకి 52 ఏళ్ళు. షుగరు వచ్చిందని తెలిశాక రోజూ పొద్దున్నే నడిచి, అన్నం సగానికి తగ్గించి, ఏడాదిన్నరలో 16 కిలోలు తగ్గింది. షుగరు అదుపులోకి వచ్చింది, మోకాళ్ళ నొప్పులు పోయాయి. ఆ సంతోషం మాత్రం ఆమెకి దక్కలేదు. పేరంటంలో ఒకరు, గుళ్ళో ఒకరు, పెళ్ళిలో అయితే వరసపెట్టి అందరూ అదే ప్రశ్న. ఒకావిడ పక్కకి తీసుకెళ్ళి, "నాతో చెప్పు, క్యాన్సరు కాదు కదా?" అని అడిగిందట. ఆ తర్వాత అక్క ఎక్కడికీ రావడం మానేసింది. ఎవరు పిలిచినా "మోకాళ్ళ నొప్పులమ్మా, మీ అన్నయ్యగారు వస్తారు" అనేది. పోయిన నొప్పుల పేరే చెప్పి!

కూతురి పెళ్ళి కుదిరాక నాకు ఫోన్ చేసింది. "పీటల మీద కూర్చోవాలి కదే. బుగ్గలకి ఏవో ఇంజెక్షన్లు ఇస్తారట, కనుక్కుంటావా?" అంది. ఆ మాట అడగడానికి ఎన్ని రోజులు మొహమాటపడిందో గొంతులోనే తెలిసిపోయింది. ఇద్దరం కలిసి స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పెళ్ళికి అప్పటికి మూడు నెలలుంది.

అందరూ బొటాక్స్ అనేస్తారు గానీ అది వేరు. అది కండరాన్ని సడలించి ముడతలు తగ్గిస్తుంది, గుంటపడ్డ బుగ్గని నింపదు. నింపేవాటిని ఫిల్లర్లు అంటారు. డాక్టరమ్మ ఒక్కోటీ విడమరిచి చెప్పింది.

మొదటిది హయలురోనిక్ యాసిడ్. జువెడెర్మ్, రెస్టిలేన్ లాంటి పేర్లతో దొరికేది ఇదే. మన చర్మంలో సహజంగానే ఉండే పదార్థం, సబ్జా గింజల్లా నీటిని పట్టి ఉంచుతుంది. ఫలితం ఆ రోజే కనిపిస్తుంది. వాపు తగ్గి కుదురుకోవడానికి రెండు వారాలు పడుతుంది. రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుంది. నచ్చకపోయినా, తేడా వచ్చినా హయలురోనిడేజ్ అనే ఇంజెక్షన్‌తో కరిగించవచ్చు.

రెండోది పాలీ లాక్టిక్ యాసిడ్, అంటే స్కల్ప్‌ట్రా. కరిగిపోయే కుట్ల దారం ఉంటుంది చూడండి, ఆ కోవకి చెందినదే. ఇది తనంతట తాను నింపదు, మన శరీరం చేతే కొల్లాజెన్ తయారు చేయిస్తుంది. కొన్ని వారాల ఎడంతో రెండు మూడు సార్లు వెళ్ళాలి. ఫలితం నెలల మీద మెల్లగా వస్తుంది, రెండేళ్ళ దాకా నిలుస్తుంది. కానీ దీన్ని కరిగించే మందు లేదు. పాలు తోడుపెట్టాక మళ్ళీ పాలు చెయ్యలేం కదా, అలాగన్నమాట. ఒక్కోసారి చర్మం కింద గడ్డలు కట్టే అవకాశమూ ఉంది.

మూడోది రేడియెస్. ఎముకల్లో, పళ్ళలో ఉండే కాల్షియం ఖనిజం లాంటిది. వెంటనే నింపుతుంది, కొల్లాజెన్‌నీ పెంచుతుంది, సుమారు ఏడాది ఉంటుంది. దీనికీ కరిగించే మందు లేదు. ఇవేవీ కాదంటే మన పొట్ట నుంచో తొడ నుంచో కొవ్వు తీసి బుగ్గల్లో పెడతారు. అది చిన్న ఆపరేషనే. పెట్టినదాంట్లో కొంత నిలుస్తుంది, కొంత శరీరం పీల్చేసుకుంటుంది.

మాటల్లో డాక్టరమ్మ ఇంకో సంగతి చెప్పింది. 2004లో అమెరికాలో స్కల్ప్‌ట్రాకి మొదట అనుమతి వచ్చింది అందం కోసం కాదట. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి బుగ్గల్లో కొవ్వు కరిగి గుంటలు పడేవి, ఆ గుంటల్ని పూడ్చడానికి. వాళ్ళ మొహం చూసే జనం రోగం పసిగట్టేసేవాళ్ళు. అది విని అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఆటోలో ఎక్కాక, "అయితే నాది షోకు కాదన్నమాట" అంది.

ఇంటికొచ్చాక కాగితం మీద రాసుకుని ఆలోచించాం. ఏది గొప్పది అని కాదు, ఏది ఆమెకి సరిపోతుంది అని. పెళ్ళికి మూడు నెలలే ఉంది కాబట్టి మెల్లగా పనిచేసేది కుదరదు. మొదటిసారి కాబట్టి వెనక్కి తీసుకోగలిగేదే మేలు. అలా హయలురోనిక్ యాసిడ్ దగ్గర ఆగాం. సిరంజిలో ఉండేది ఒక మిల్లీలీటరు, టీ స్పూనులో ఐదో వంతు. దానికే వేలల్లో ఖర్చు. అక్క తన చీటీ డబ్బులు తీసింది. నాలుగు సిరంజిలైతే నిండుగా ఉంటుందని డాక్టరమ్మ అన్నా, రెండు చాలంది. "పాతికేళ్ళ బుగ్గలు నాకొద్దు తల్లీ, జబ్బు మొహం పోతే చాలు."

ప్రమాదం లేని పని కాదిది. మందు పొరపాటున రక్తనాళంలోకి వెళ్ళి అడ్డుపడితే అక్కడి చర్మం చచ్చిపోవచ్చు, చాలా అరుదుగా చూపు కూడా పోవచ్చు. అందుకే బ్యూటీ పార్లర్లో చేయించుకునే పని కాదు. చర్మవైద్యులో ప్లాస్టిక్ సర్జనో చెయ్యాలి. "కరిగించే మందు మీ దగ్గర ఇప్పుడు ఉందా?" అని నేనే అడిగాను, ఆవిడ ఫ్రిజ్ తెరిచి చూపించింది. చేయించుకున్నాక తీవ్రమైన నొప్పి వచ్చినా, చర్మం తెల్లగా పాలిపోయినా, చూపు మసకబారినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు ముందే చెప్పాలి, సొంతంగా ఆపేయకూడదు. షుగరు అదుపులో ఉండాలి, బరువు ఇంకా తగ్గుతూ ఉంటే అది నిలకడగా అయ్యేదాకా ఆగమంటారు. అక్క బరువు ఆరు నెలలుగా కదలలేదు కాబట్టి సరేనన్నారు.

నాలుగు రోజులు కాస్త కమిలి, వాచింది. తర్వాత సర్దుకుంది. పెళ్ళిలో అక్కని ఎవరూ ప్రత్యేకంగా పొగడలేదు, ఎవరూ ఏమీ అడగలేదు కూడా. అప్పగింతల వేళ అందరితోపాటు ఏడ్చి, అందరితోపాటు ఫొటో దిగింది.

ఏడాది తర్వాత మళ్ళీ చేయించుకుంటుందో లేదో ఇంకా తేల్చుకోలేదు. "అప్పటికి జనం అలవాటు పడిపోతారేమోలే" అంటోంది. ఎందుకైనా మంచిదని సిరంజి మీది లేబులు అడిగి తీసుకుని, తేదీ రాసి, షుగరు రిపోర్టుల ఫైల్లో అతికించుకుంది. మీ ఇంట్లో ఎవరైనా చేయించుకుంటే మీరూ ఆ లేబులు అడిగి తీసుకోండి.