పనిలేని తీగ

విమానం అనగానే అందరూ తలెత్తి ఆకాశం వంక చూస్తారు. మావంటి వాళ్ళకు మాత్రం విమానమంటే పెడళ్ళ మధ్య తల దూర్చి, వెల్లకిలా పడుకుని, నోట టార్చిలైటు కరుచుకుని చూడవలసిన వస్తువు. అక్కడ మాకు కనిపించేవి నక్షత్రాలు కావు, తీగలు!

ముందునుంచి చూస్తే చిన్న విమానం ప్యానెల్ ఎంతో ముచ్చటగా ఉంటుంది. వేగానికో గడియారం, ఎత్తుకో గడియారం, పక్కన రేడియోలు. వెనకనుంచి చూస్తే మాత్రం పెళ్ళివారు వెళ్ళిపోయిన మర్నాటి విడిదిల్లు గుర్తుకొస్తుంది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారి పుష్పక్ 1958లో మొదటిసారి ఎగిరింది. ఆ తరం చిన్న విమానాలలో వేగమూ ఎత్తూ గాలి ఒత్తిడితోనే తెలిసేవి. దిక్కు చెప్పడానికి అయస్కాంతం చాలు. ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోకు బ్యాటరీతో పనే లేదు. తరువాత ఒక్కొక్క రేడియో వచ్చింది, దాని తీగలు వచ్చాయి. పాతబడ్డ రేడియో తీసేసి, ఆ కన్నానికి రేకు బిగించారు. కాని వెనకాల తీగలు లాగాలంటే గంటలు పడుతుంది, గంటకింత అని ఖర్చూ పడుతుంది. అందుకని కొసకు టేపు చుట్టి వదిలేశారు. పెట్టె పోయింది, తీగ మిగిలింది.

బేగంపేటలో నేను పనిచేసిన ఒక హ్యాంగరుకు అటువంటి పాత శిక్షణ విమానం వచ్చింది. హెడ్‌ఫోనులో సన్నగా ఈలలాంటి చప్పుడు. ఇంజను వేగం పెంచితే ఈలా పెరుగుతుంది. పైగా ఒకరోజు కాలిన వాసన వేసిందని ఒక కుర్రవాడు చెప్పాడు. వాడు అప్పుడప్పుడే ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టాడు. అంత ఎత్తున పొగ వస్తే పక్కన ఎవరున్నారు?

మాకు పెద్ద మెకానిక్కు ఒకాయన ఉండేవారు. "నడిచేదాన్ని గెలుకకు బిడ్డా, కొత్త రోగాలు తగులుకుంటయి" అన్నారు. ఆయన మాట కొట్టెయ్యదగ్గది కాదు. ఒక తీగ సరిచేయబోయి రెండు తెంపేవాళ్ళు మా వృత్తిలో ఉన్నారు. అయినా వాసన సంగతి విన్నాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "బొమ్మ గీయకుండా ఒక్క తీగనూ ముట్టుకోను" అంటే ఆయన ఒప్పుకున్నారు.

మూడురోజులు గీశాం. ప్రతి తీగనూ మూడే ప్రశ్నలు అడిగాం: ఎక్కణ్ణించి వచ్చావు? ఎక్కడికి పోతావు? ఎందుకు? జవాబు చెప్పలేనివే ఎక్కువ! అందులో ఒకటి, ఎప్పుడో పీకేసిన రేడియోది, ఇంకా బ్రేకరుకు తగిలించే ఉంది. టేపు సడలి, కొస ఇనుప కమ్మీకి ఒరుసుకుంటోంది. కమ్మీమీద నల్లని మచ్చ. వాసన గుట్టు తెలిసింది.

ఇది చిన్న సంగతి కాదు. 1998 సెప్టెంబరు 2న న్యూయార్కునుంచి జెనీవా వెళ్తున్న స్విస్ ఎయిర్ విమానం కెనడా తీరాన సముద్రంలో కూలింది. 229 మంది పోయారు. ప్రయాణికుల వినోదానికి తరువాత అమర్చిన పరికరాల తీగలో లేచిన నిప్పురవ్వకు ఆ మంట పుట్టుకతో సంబంధం ఉండి ఉండవచ్చనీ, మంట పైకప్పులో పాకిందనీ విచారణ చేసినవారు చెప్పారు.

మాకు అనుమతి పత్రాలు రావడానికే పనికన్న ఎక్కువ రోజులు పట్టింది. వచ్చాక పనిలేని తీగలన్నీ ఈ కొసనుంచి ఆ కొసదాకా లాగేశాం. బకెట్టు నిండింది. ఆ బరువును విమానం తూకం లెక్కలోంచి తీసివేశాం. ఎక్కడపడితే అక్కడ బిగించిన ఎర్తు తీగలన్నిటినీ ఒకే చోటికి చేర్చేసరికి ఈల ఆగిపోయింది. కొత్త జి.పి.ఎస్. పెట్టె చెప్పే కబురు ఒక మెలితిప్పిన జంట తీగమీదుగా పోతుంది. దాన్ని ఏరింక్ 429 అంటారు. ఒకరు మాట్లాడితే ఇరవైమంది దాకా వినవచ్చు. చివరకు మైనం పట్టించిన దారంతో, పూలదండ కట్టినట్టు, తీగలన్నీ కట్టాం.

సెలవుకు బెజ్జంకి వెళ్ళినప్పుడు ఈ కథంతా మా బావమరిదికి చెప్పాను. అతడు నవ్వి, "అయితే అన్నిటికీ ఒక్కటే బ్రేకరు పెట్టరాదు బావా, ఇంక సులువు గద!" అన్నాడు.

సరిగ్గా అక్కడే ఆగాలి. రెండు రేడియోలు పెట్టేది ఒకటి పోతే రెండోది ఉంటుందని. రెంటికీ ఒకే బ్రేకరు పెడితే రెండూ ఒక్కసారే మూగవోతాయి. బ్రేకరున్నది పెట్టెను కాపాడడానికనుకుంటారు. కాదు, తీగను కాపాడడానికి. 22 నంబరు తీగకు 5 ఆంపియర్ల బ్రేకరు సరి. "మోటారు ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుడతారే, అప్పుడు ఫ్యూజు నిలుస్తుంది, వైరు కాలుతుంది" అన్నాను. అతడు మాట్లాడలేదు. బావి దగ్గరి పెట్టె జ్ఞాపకం వచ్చింది కాబోలు.

మరునాడు ఇద్దరం వెళ్ళి ఆ పెట్టె తెరిచాం. కరెంటు ఏ రాత్రి వస్తుందో తెలియని కాలంలో రైతులు ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు. 2018 జనవరి 1నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు వాటిని తీసెయ్యమని ప్రభుత్వమే చెప్పింది. మావాడి పెట్టెలో ఆటోస్టార్టరు లేదు. దాని తీగలు మాత్రం ఉన్నాయి, కొసలకు టేపు చుట్టుకుని!

మెయిన్ ఆపి, అవి తీసేశాం. లావు తీగ తీసి తగిన ఫ్యూజు వేశాం. మిగిలిన తీగలు ఎటునుంచి ఎటు పోతాయో అట్టమీద గీసి, పెట్టె తలుపు లోపల అంటించాను. విమానంలోనూ అంతే చేశాం. ప్రతి తీగకూ రెండు కొసలా పేరు రాశాం. రేపు ఆ పెడళ్ళ మధ్య తల దూర్చేవాడు నన్ను ఎరిగి ఉండడు. వాడికి నా పనితనం తెలియకపోయినా ఫరవాలేదు, తీగ పేరు తెలిస్తే చాలు.